తెలిసిన అబ్బాయి కాదు, బాధ్యత తెలిసిన ఇంజినీర్ కావాలి

ఖమ్మం నుంచి భద్రాచలం సుమారు 120 కిలోమీటర్లు. ఈసారి బస్సులో వెళ్లేటప్పుడు ఫోన్ జేబులో పెట్టి, కిటికీలోంచి కొట్ల బోర్డులు చదువుతూ వెళ్లండి. ఖమ్మం మిర్చి యార్డు చుట్టూ కమీషన్ కొట్లు, ఊరి చివర గ్రానైట్ ఫ్యాక్టరీలు, కొత్తగూడెంలో డయాగ్నస్టిక్ ల్యాబులు, మందుల ఏజెన్సీలు, పాల్వంచలో ప్రైవేటు స్కూళ్లు, సారపాకలో ట్రాన్స్‌పోర్టు ఆఫీసులు, గోదావరి దాటగానే లాడ్జీలు. దాదాపు ప్రతి బోర్డు వెనకా రెండు మూడు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక వైఫై రూటరు, నాలుగు సీసీ కెమెరాలు ఉంటాయి. వీటన్నిటినీ ఎవరు చూసుకుంటారని ఓనరును అడగండి. చాలాచోట్ల ఒకటే జవాబు వినిపిస్తుంది: 'తెలిసిన అబ్బాయి ఒకడున్నాడు, ఫోన్ చేస్తే వస్తాడు.'

ఆ 'తెలిసిన అబ్బాయి' పని ఒక ఉద్యోగమని ఎవరూ అనుకోరు. దానికి నోటిఫికేషన్ రాదు, ప్లేస్‌మెంట్ డ్రైవ్ జరగదు, కోచింగ్ సెంటరూ లేదు. అందుకే బీటెక్ చేసినవాళ్లు అటువైపు చూడరు. కంప్యూటరు ఆగితే వచ్చి, ఫార్మాట్ కొట్టి, మూడొందలు తీసుకుని వెళ్లిపోయేవాళ్ల చేతుల్లో ఆ పని ఉండిపోయింది. చిన్న వ్యాపారాల కంప్యూటర్లను, నెట్‌వర్కును, డేటాను, వాటి భద్రతను బాధ్యతగా చూసుకోవడం ఇప్పుడు మన జిల్లాల్లో నిజమైన కెరీర్. దాన్ని మీరు చేపట్టకపోతే నష్టం మీకొక్కరికే కాదు, ఆ కొట్టుకూ, దాన్ని నమ్ముకున్న రైతుకూ ఉంది. నేను చెప్పదలచుకున్నది ఇదే.

మూడొందల పని ఎప్పుడు మారింది?

ఒకప్పుడు కొట్లో కంప్యూటరు పాడైతే ఓనరు చిట్టా పుస్తకం తీసేవాడు. ఇప్పుడు ఆ వెసులుబాటు లేదు. సాధారణంగా సరుకు విలువ 50 వేలు దాటితే ఈ-వే బిల్లు లేకుండా లారీ కదలకూడదు. 2023 ఆగస్టు 1 నుంచి వార్షిక టర్నోవరు 5 కోట్లు దాటిన వ్యాపారాలన్నీ ఇతర వ్యాపారాలకు అమ్మే సరుకుకు ఈ-ఇన్‌వాయిస్ తీయాలి. 2025 ఏప్రిల్ 1 నుంచి ఈ-వే బిల్లు, ఈ-ఇన్‌వాయిస్ పోర్టళ్లలో లాగిన్ కావాలంటే పాస్‌వర్డ్‌తో పాటు ఓటీపీ లాంటి రెండో తాళం అందరికీ తప్పనిసరి అయింది.

ఈ మూడు రూల్సూ ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో ఎలా పనిచేస్తాయో చూడండి. స్లాబులు లారీకెక్కాయి. గుమాస్తా బిల్లు తీయబోయాడు. ఓటీపీ ఓనరు ఫోనుకు పోయింది. ఓనరేమో సిగ్నల్ లేని చోట క్వారీ దగ్గర ఉన్నాడు. లారీ గేటు దగ్గరే నిలబడిపోయింది. ఇది కంప్యూటరు రిపేరు సమస్య కాదు. గుమాస్తాకు విడిగా సబ్ యూజర్ ఖాతా తీసి, అతని నంబరుకే ఓటీపీ వచ్చేలా ముందే ఏర్పాటు చేసి ఉంటే ఈ ఇబ్బంది వచ్చేదే కాదు. అలా ముందుగా ఆలోచించి పెట్టే మనిషి కోసమే ఈ కొట్లు ఎదురుచూస్తున్నాయి. అడగడానికి మాత్రం వాళ్ల దగ్గర పేరు లేదు.

మహేష్ బ్యాంకు చెప్పిన పాఠం

'మనది చిన్న కొట్టు, మనల్ని ఎవడు హ్యాక్ చేస్తాడు?' ఈ మాట మీరు వంద సార్లు వింటారు. జవాబుగా మన హైదరాబాద్ కేసునే చెప్పండి. 2022 జనవరిలో ఏపీ మహేష్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి దొంగలు 12.48 కోట్ల రూపాయలు కొట్టేశారు. గోడకు కన్నం వేయలేదు, తుపాకీ చూపించలేదు. పోలీసుల దర్యాప్తులో తేలిన దాని ప్రకారం, అంతకు రెండు నెలల ముందు, అంటే 2021 నవంబరులో, బ్యాంకు సిబ్బందికి రెండు వందలకు పైగా మోసపు ఈ-మెయిళ్లు వచ్చాయి. వాటిని తెరిచిన ఉద్యోగుల కంప్యూటర్లలోకి దొంగ సాఫ్ట్‌వేర్ దూరింది. అక్కణ్నుంచి అన్ని అధికారాలూ ఉన్న సూపర్ యూజర్ ఖాతాల దాకా వెళ్లారు. అలాంటి ఖాతాలు ఉండాల్సిన దానికంటే ఎక్కువ ఉన్నాయనీ, భద్రతా ఏర్పాట్లు సరిగా లేవనీ పోలీసులు అప్పట్లోనే చెప్పారు. సైబర్ భద్రతా నియమాలు పాటించనందుకు 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల జరిమానా వేసింది.

ఇందులో మహా మేధావుల విద్య ఎంత ఉందో చూడండి. ఒక మెయిల్ తెరవడం, అవసరానికి మించి అధికారాలు ఇవ్వడం, ఎవరూ గమనించకపోవడం. ఈ మూడూ మీ ఊరి కమీషన్ కొట్లో కూడా ఉన్నాయి. యజమాని, గుమాస్తా, పార్ట్‌టైం అకౌంటెంటు ముగ్గురూ ట్యాలీలో ఒకే యూజర్‌తో, ఒకే పాస్‌వర్డ్‌తో పనిచేస్తుంటారు. ఆ పాస్‌వర్డ్ మానిటరు అంచున కాగితం మీద రాసి ఉంటుంది. బ్యాంకులో పోయింది కోట్లలో అయితే, కొట్లో పోయేది రైతుకు ఆ సాయంత్రం ఇవ్వాల్సిన మిర్చి డబ్బు. ఆ రైతుకు అది తక్కువేం కాదు.

దొంగలకు పెద్దా చిన్నా తేడా కూడా లేదు. 2017 మేలో వాన్నక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని మూతపడ్డాయి. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందు, మార్చిలోనే ఇచ్చింది. వేసుకున్నవాళ్లు బతికారు. ఆ వైరస్ ఎవరినీ పేరు పెట్టి వెతకలేదు, తలుపు తీసి ఉన్న ప్రతి ఇంట్లోకీ వెళ్లింది.

ఇక్కడి గోదావరి, ఇక్కడి సిగ్నల్

సిలబస్‌లో చదివిన సెక్యూరిటీ ఒక ఎత్తు, ఈ నేల మీద చేసే సెక్యూరిటీ ఇంకో ఎత్తు. భద్రాచలంలో గోదావరికి 43 అడుగుల దగ్గర మొదటి హెచ్చరిక, 48 దగ్గర రెండోది, 53 దగ్గర మూడోది ఇస్తారని చిన్న పిల్లలకు కూడా తెలుసు. 2022 జులైలో నీటిమట్టం 71 అడుగులు దాటింది. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. 1986లో అయితే 75 అడుగులు కూడా దాటింది. ఇప్పుడు చెప్పండి, కంప్యూటరు పక్కనే పెన్‌డ్రైవులో తీసిపెట్టిన బ్యాకప్ ఏ పనికొస్తుంది? కంప్యూటరుతో పాటే అదీ మునుగుతుంది.

బ్యాకప్‌కు ఒక పాత లెక్క ఉంది: మూడు ప్రతులు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి వేరే ఊళ్లో. మన దగ్గర ఆ 'వేరే ఊరు' అన్న మాటను అక్షరాలా తీసుకోవాలి. భద్రాచలం లాడ్జీ రికార్డుల ప్రతి ఒకటి కొత్తగూడెంలోనో ఖమ్మంలోనో ఉండాలి, లేదా క్లౌడ్‌లో ఉండాలి. మొదటి హెచ్చరిక రాగానే చేయాల్సిన పనుల పట్టీ గోడకు అంటించి ఉండాలి: ఆ రోజు బ్యాకప్ తీయడం, హార్డ్‌డిస్కు పైఅంతస్తుకు చేర్చడం, ప్లగ్గులు తీసేయడం. పెద్ద కంపెనీల్లో దీన్నే డిజాస్టర్ రికవరీ ప్లాన్ అంటారు. మీరు ఒక లాడ్జీకి ఒక పేజీలో తెలుగులో రాసిస్తే చాలు.

రెండోది కరెంటు, పిడుగులు. వేసవి గాలివానకు రూటర్లు, సీసీ కెమెరాల రికార్డర్లు కాలిపోవడం ఇక్కడ మామూలే. ఎర్తింగ్ సరిగా ఉందో లేదో చూడటం కూడా మీ పనే. యూపీఎస్ బ్యాటరీ పెట్టి ఎన్నేళ్లయిందో రాసుకోవడమూ మీ పనే. అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ నడుస్తుండగా కరెంటు పోయి డేటా ఫైలు పాడవడం వైరస్ కంటే ఎక్కువసార్లు చూస్తారు.

మూడోది సిగ్నల్. దుమ్ముగూడెం, చర్ల వైపు వెళ్తున్నకొద్దీ నెట్‌వర్కు పలచబడుతుంది. ఒకవైపు ఛత్తీస్‌గఢ్, ఇంకోవైపు 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన చింతూరు, కూనవరం మండలాలు. మూడు రాష్ట్రాల సరిహద్దులో వ్యాపారం చేసే మనిషికి ఫైబర్ తెగినా పని సాగాలంటే ఇంకో కంపెనీ సిమ్‌తో నడిచే కనెక్షన్ ఒకటి సిద్ధంగా ఉండాలి. నెట్ లేనప్పుడు కూడా బిల్లు కొట్టి, వచ్చాక పోర్టల్‌కు పంపే పద్ధతి సిబ్బందికి నేర్పాలి. హైటెక్ సిటీలో కూర్చున్న ఏ సపోర్ట్ సెంటరుకూ ఈ సంగతులు తెలియవు. మీకు తెలుసు. మీ బలం అక్కడే ఉంది.

మొదటి నెలలో ఏం చేయాలి?

ఒక కొట్టు బాధ్యత తీసుకున్నారనుకోండి. మొదటి రోజే ఏదీ మార్చకండి. నోట్‌బుక్ తీసి రాయండి. ఎన్ని కంప్యూటర్లు, ఏ విండోస్, ఎవరు వాడతారు, ట్యాలీ డేటా ఏ ఫోల్డర్లో ఉంది, జీఎస్టీ లాగిన్‌కు ఎవరి ఫోన్ నంబరు ఇచ్చారు, డొమైన్ ఎవరి పేరున కొన్నారు, సీసీ కెమెరా పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు. చాలాచోట్ల జీఎస్టీకి ఇచ్చిన మెయిల్ ఐడీ ఎప్పుడో మానేసిన గుమాస్తాది అయి ఉంటుంది. ఈ పట్టీ రాయడంతోనే సగం ప్రమాదాలు బయటపడతాయి.

రెండో వారం బ్యాకప్. తీయడం ఒక్కటే కాదు, తిరిగి ఎక్కించి చూడాలి. ఎక్కించి చూడని బ్యాకప్‌ను బ్యాకప్ అనకూడదు. ఇంకో కంప్యూటరులో ట్యాలీ డేటా రీస్టోర్ చేసి, నిన్నటి చివరి బిల్లు నంబరు ఓనరుకు చూపించండి. ఆ ఒక్క పనితో మీ మీద కలిగే నమ్మకం పది విజిటింగ్ కార్డులు ఇచ్చినా రాదు.

మూడో వారం తాళాలు. ప్రతి మనిషికీ వేరే యూజర్, రోజువారీ పనికి అడ్మిన్ కాని ఖాతా. మెయిల్‌కు, బ్యాంకుకు రెండు అంచెల లాగిన్. వాట్సాప్‌కు ఆరంకెల పిన్, ఎందుకంటే ఇప్పుడు సగం ఆర్డర్లు దాని మీదే నడుస్తున్నాయి. రూటరుకు, కెమెరాలకు కంపెనీ పెట్టి పంపిన పాస్‌వర్డ్ మార్చడం మరవకండి. 2016లో మిరాయ్ అనే బాట్‌నెట్ ప్రపంచవ్యాప్తంగా పెద్ద పెద్ద వెబ్‌సైట్లను కూలదోసింది సరిగ్గా అలాంటి కెమెరాలను, రికార్డర్లను పట్టుకునే. ఇంకొకటి, అకౌంటెంటు ఇంటి నుంచి పనిచేయాలన్నాడని రూటరులో రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు 3389ను ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచుతారు. రాన్సమ్‌వేర్ ముఠాలు రాత్రింబవళ్లు వెతికేది ఆ తలుపు కోసమే. కనిపిస్తే వెంటనే మూయండి, వీపీఎన్ పెట్టండి.

నాలుగో వారం మనుషులు. గుమాస్తాలతో అరగంట కూర్చోండి, క్లాసు పీకకండి. వాళ్లకు నిజంగా వచ్చే మెసేజులనే చూపించండి. ట్రాఫిక్ చలానా అనో, పెళ్లి శుభలేఖ అనో, పీఎం కిసాన్ అనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలును నొక్కితే ఫోన్ ఎలా చేజారిపోతుందో చెప్పండి. 'మా బ్యాంకు ఖాతా మారింది, ఈసారి డబ్బు ఇందులో వేయండి' అని పాత పార్టీ పేరుతో మెయిల్ వస్తే, మెయిల్‌లో ఉన్న నంబరుకు కాకుండా తమ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడగాలని చెప్పండి. బయటి దేశాలకు సరుకు పంపే గ్రానైట్ వ్యాపారికి ఈ ఒక్క అలవాటు ఏ ఫైర్‌వాల్‌కూ తీసిపోదు. క్యూఆర్ స్టిక్కరు మీద ఇంకో స్టిక్కరు అంటించారేమో రోజూ షట్టరు తీయగానే చూసుకోమనండి.

సీజన్‌ను గౌరవించడం కూడా ఈ పనిలో భాగమే. యార్డులో మిర్చి ముమ్మరంగా దిగే ఫిబ్రవరి, మార్చి నెలల్లో సాఫ్ట్‌వేర్ మార్చకండి. శ్రీరామనవమికి ముందు వారం భద్రాచలం లాడ్జీలో కొత్త బుకింగ్ సిస్టం పెట్టకండి. అత్యవసర సెక్యూరిటీ అప్‌డేట్లు తప్ప మిగతావన్నీ తర్వాత చూసుకోవచ్చు. పెద్ద కంపెనీలు కూడా పండగ అమ్మకాల ముందు మార్పులు ఆపేస్తాయి. మన పండగలు మనకు తెలుసు కదా.

ఇప్పుడు మీరే ఆ తలుపు

ఇంతవరకూ బాగానే ఉంది. ఇకపై చెప్పేది ఎవరూ చెప్పరు. పదిహేను కొట్ల తాళంచెవులు మీ దగ్గర చేరాక, దొంగకు పదిహేను కొట్లు అక్కర్లేదు. మీరొక్కరు దొరికితే చాలు.

2021 జులై 2న సరిగ్గా ఇదే జరిగింది. చిన్న వ్యాపారాలకు ఐటీ సేవలు అందించే సంస్థలు వాడే కసేయా అనే రిమోట్ సాఫ్ట్‌వేర్‌లోని లోపాన్ని పట్టుకుని ఒక రాన్సమ్‌వేర్ ముఠా అరవై లోపు సేవా సంస్థల్లోకి దూరింది. వాటి మీద ఆధారపడ్డ వ్యాపారాలు పదిహేను వందల దాకా దెబ్బతిన్నాయి. స్వీడన్‌లో ఒక సూపర్‌మార్కెట్ గొలుసు బిల్లింగ్ యంత్రాలు ఆగిపోయి వందల దుకాణాలు మూసుకుంది. మన దేశంలో 2024 జులై చివర్లో సీ-ఎడ్జ్ టెక్నాలజీస్ అనే సంస్థ రాన్సమ్‌వేర్‌కు గురైతే, జాగ్రత్త కోసం ఎన్‌పీసీఐ దాన్ని పేమెంట్ నెట్‌వర్కు నుంచి తాత్కాలికంగా తప్పించింది. దానిపై ఆధారపడ్డ దాదాపు 300 చిన్న బ్యాంకుల ఖాతాదారులకు యూపీఐ లాంటి సేవలు అందలేదు. తప్పు ఆ ఖాతాదారులదీ కాదు, చాలావరకు ఆ బ్యాంకులదీ కాదు. మధ్యలో ఉన్న సేవా సంస్థ దగ్గర తాళం ఊడింది.

అందుకని మీ క్రమశిక్షణ కొట్టు ఓనరుకంటే కఠినంగా ఉండాలి. ప్రతి కస్టమరుకూ వేర్వేరు పాస్‌వర్డ్, అన్నీ పాస్‌వర్డ్ మేనేజరులో, దానికి రెండు అంచెల తాళం. ఒక కొట్లో వాడిన పెన్‌డ్రైవు చెక్ చేయకుండా ఇంకో కొట్లో పెట్టడం లేదు. రిమోట్ సాఫ్ట్‌వేర్ అవతలి మనిషి చూస్తుండగా, అనుమతి ఇచ్చాకే. బ్యాంకు పాస్‌వర్డ్, యూపీఐ పిన్ ఓనరు చెప్పబోయినా వినకండి, 'అది మీరే టైప్ చేయండి సార్' అనండి. ల్యాబులో ఎవరి రిపోర్టు చూశారో, లాడ్జీలో ఎవరి పేరు చదివారో మీ ఇంట్లో కూడా చెప్పకూడదు. చిన్న ఊళ్లో ఒక మాట బయటికి పొక్కితే, ఆ మనిషి పరువుతో పాటు మీ కెరీరూ పోతుంది. పని మానేసే రోజు తాళాలన్నీ అప్పగించి, మీ ఖాతాలు మీరే తీసేయించి, సంతకం పెట్టించుకోండి.

చట్టం కూడా ఇటే నడుస్తోంది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. డేటాను కాపాడటంలో విఫలమైతే జరిమానా గరిష్ఠంగా 250 కోట్ల దాకా ఉంది. చిన్న ల్యాబుకు అంత వేస్తారని కాదు. కానీ పేషెంట్ల డేటా తన బాధ్యత అని ఆ ల్యాబు ఓనరు ఇక తెలుసుకోక తప్పదు. ఆయనకు అది అర్థమయ్యే తెలుగులో చెప్పగలిగేది మీరే.

డూప్లికేట్ విండోస్ దగ్గర నిలబడండి

మొదటి వారంలోనే మీకు పరీక్ష ఎదురవుతుంది. 'బాబూ, ఒరిజినల్ ఎందుకు, అందరూ డూప్లికేటేగా వాడేది, వేసెయ్' అంటారు. లైసెన్సు క్రాక్ చేసే ఆ చిన్న ప్రోగ్రాం యాంటీవైరస్‌ను ఆపేయమని అడుగుతుంది. దానితో పాటు ఇంకేం దిగుతుందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. తాళం మార్చమని పిలిస్తే, దొంగ దగ్గర కొన్న తాళం బిగించినట్లు ఉంటుంది అది. వేయనని చెప్పండి. అలా చెప్పి ఊరుకోకుండా దారి కూడా చూపించండి. చాలా కంప్యూటర్లకు కొన్నప్పుడే విండోస్ లైసెన్సు వచ్చి ఉంటుంది, అది చూడండి. ట్యాలీ అవసరం లేని కంప్యూటరుకు లినక్స్, లిబ్రె ఆఫీస్ ఉచితం. విండోస్‌తో వచ్చే డిఫెండర్ సరిగా అప్‌డేట్ అవుతుంటే చిన్న ఆఫీసుకు చాలావరకు సరిపోతుంది. విండోస్ 10కు ఉచిత అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఇంకా దానిపైనే నడుస్తున్న మిషన్లలో దేన్ని పైవెర్షన్‌కు తీసుకెళ్లాలి, దేనికి డబ్బు కట్టి అప్‌డేట్లు పొడిగించుకోవాలి, దేన్ని పక్కన పెట్టాలి అన్న పట్టీ రాసిస్తే అదే మీ మొదటి మంచి రిపోర్టు అవుతుంది.

ఇవన్నీ చెప్పినా వినకుండా డూప్లికేటే కావాలనే ఓనర్లు ఉంటారు. ఆ కొట్టు వదిలేయండి. రేపు డేటా పోతే వాళ్ల నోట వచ్చే పేరు మీదే.

గండం వచ్చిన రోజు

ఎంత చేసినా ఏదో ఒక రోజు ఫోన్ మోగుతుంది. డబ్బు పోయిందంటే మీరు బండి తీసేలోపే 1930కి ఫోన్ చేయమని చెప్పండి. ఎంత త్వరగా ఫిర్యాదు వెళ్తే డబ్బు ఇంకో ఖాతాకు దాటకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ. తర్వాత నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో వివరాలు నమోదు చేయించండి. ఫైళ్లు తెరుచుకోవడం లేదంటే నెట్‌వర్కు కేబుల్ పీకి, వైఫై ఆపమనండి. ఫార్మాట్ మాత్రం కొట్టకండి, సాక్ష్యం పోతుంది. స్క్రీన్‌ను ఫోటో తీయండి. 2022 ఏప్రిల్ నాటి సెర్ట్-ఇన్ ఆదేశాల ప్రకారం ఇలాంటి సంఘటనలను సంస్థలు తెలిసిన ఆరు గంటల్లోగా తెలియజేయాలి. ఆ పట్టిక ఎలా నింపాలో ముందే నేర్చుకుని ఉండండి. గండం వచ్చాక చదువుకునే సమయం ఉండదు.

డబ్బు సంగతి

'బీటెక్ చదివి ప్రింటర్లు బాగుచేస్తావా?' అని చుట్టాలు అడుగుతారు. దానికి లెక్కతోనే జవాబు చెప్పాలి. ఒక ఉదాహరణ వేసుకుందాం. నెలకు 1,500 చొప్పున పదిహేను కొట్లు ఒప్పుకుంటే 22,500 అవుతుంది. కొట్టుకు నెలకు రెండు సార్లు, వెళ్లినప్పుడల్లా రెండు గంటలు వేసుకున్నా మొత్తం 60 గంటలు. మిగిలిన సమయం చదువుకోవడానికి, అత్యవసర ఫోన్లకు. పెట్రోలు, ఫోన్, పరికరాల ఖర్చు పోను చేతికి వచ్చేది తగ్గుతుంది. 'సీజన్ అయ్యాక ఇస్తాలే' అనేవాళ్లు ఉంటారు. ఇది రాత్రికి రాత్రి ధనవంతులను చేసే పని కాదు. కానీ హైదరాబాద్ హాస్టల్లో ఆరు నెలలు కూర్చుని, ఇంటి నుంచి డబ్బు తెప్పించుకుంటూ రాని ఇంటర్వ్యూ కోసం ఎదురుచూడటం కంటే ఇది తప్పకుండా మెరుగు.

పిలిస్తే వచ్చే పద్ధతికి మాత్రం ఒప్పుకోకండి. పాడైతేనే డబ్బు వచ్చే పనిలో, పాడు కాకుండా చూడాలన్న ఆసక్తి ఎవరికీ ఉండదు. నెల జీతం పద్ధతిలో ఏమీ పాడు కాకపోతేనే మీకు లాభం, ఓనరుకూ లాభం. ఒక పేజీ ఒప్పందం రాసుకోండి: ఏమేం చూస్తారు, ఏవి చూడరు, ఎంతసేపట్లో వస్తారు, ఎంత, ఏ తేదీకి. ఉద్యం రిజిస్ట్రేషన్ ఉచితం, ఆన్‌లైన్లోనే అయిపోతుంది.

ఇదే పనిలో జీవితాంతం ఉండాలని కూడా లేదు. రెండేళ్లు ఇలా పది వ్యాపారాలను చూసినవాడు ఇంటర్వ్యూలో 'ఇన్సిడెంట్ అంటే ఏమిటి?' అన్న ప్రశ్నకు పుస్తకం జవాబు చెప్పడు. తాను చేసింది చెప్తాడు. సిస్టం అడ్మిన్, నెట్‌వర్క్ సపోర్ట్, సెక్యూరిటీ అనలిస్ట్ ఉద్యోగాలకు ఆ అనుభవమే అసలు అర్హత. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీ, ఎన్‌పీటీఈఎల్‌లో ప్రాథమిక కోర్సులు ఉచితంగా చదువుకోవచ్చు. నెట్‌వర్కింగ్ ఒకటి, విండోస్ నిర్వహణ ఒకటి, లినక్స్ ఒకటి. ఈ మూడూ వచ్చాకే ఎథికల్ హ్యాకింగ్ సంగతి. ఇల్లు కట్టడం తెలియనివాడు దాని గోడ ఎక్కడ బలహీనమో చెప్పలేడు.

కాలేజీలు, వ్యాపార సంఘాలు

ఖమ్మంలో 2020 డిసెంబరులో ఐటీ హబ్ ప్రారంభమైంది. మంచిదే. కానీ హబ్ అంటే బయటి దేశాల క్లయింట్ల కోసం మనవాళ్లు కూర్చునే భవనం ఒక్కటే కాకూడదు. దానికి రెండు కిలోమీటర్ల దూరంలోని కొట్టుకు కూడా అక్కడి నైపుణ్యం అందాలి. మన జిల్లాల ఇంజినీరింగ్ కాలేజీలు చివరి ఏడాది ప్రాజెక్టుగా ఎక్కడో కొనుక్కొచ్చిన కోడ్‌ను చూపించే బదులు, ఇద్దరు విద్యార్థులకు ఒక నిజమైన చిన్న వ్యాపారాన్ని అప్పగించి, దాని ఆస్తుల పట్టీ, బ్యాకప్ ప్లాన్, సెక్యూరిటీ రిపోర్టు రాయించవచ్చు. వ్యాపార సంఘాలు తమ సభ్యులు పది పదిహేను మందికి కలిపి ఒక ఇంజినీరును నెల జీతానికి పెట్టుకోవచ్చు. ఒక్కో కొట్టుకు పడేది టీ ఖర్చుకు కాస్త పైన.

వాళ్లు చేసేదాకా మీరు ఆగనక్కర్లేదు. ఈ ఆదివారం మీకు తెలిసిన ఒక్క కొట్టుకు వెళ్లండి. బాబాయిదో, నాన్న స్నేహితుడిదో అయినా ఫర్వాలేదు. 'మీ డేటా బ్యాకప్ ఎక్కడుంది, ఒకసారి తిరిగి ఎక్కించి చూద్దామా?' అని అడగండి. ఆ ప్రశ్నకు జవాబు దొరికే దాకా కూర్చోండి. మీ మొదటి పని అక్కడే మొదలవుతుంది.